సూర్యుణ్ణి చుట్టుకున్న వాయువు లెక్కలు: సీడీఏవెబ్, వెస్లియన్ మేఘాల కాలిక్యులేటర్‌పై సమీక్ష

సౌరకుటుంబం చుట్టూ ఉన్న నక్షత్రాంతర వాయువు సాంద్రత ఎంత అని వెతికితే ఒకచోట 0.04 అని ఉంటుంది, ఇంకోచోట 0.08, మరోచోట 0.12, వేరేచోట 0.2. అన్నీ ఘన సెంటీమీటరుకు ఇన్ని కణాలు అన్న లెక్కే. ఈ నాలుగింటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కో అంకె ఒక్కో పరికరం నుంచి, ఒక్కో చోటు నుంచి వచ్చింది, అంతే. ఏది ఎక్కడిదో తెలియకుండా వాడితే మాత్రం లెక్కంతా పాడవుతుంది. ఆ మూలాల దాకా వెళ్లి సొంతంగా సరిచూసుకోవడానికి రెండు సేవలు ఉన్నాయి. ఒకటి నాసా గొడ్డార్డ్ కేంద్రంలోని స్పేస్ ఫిజిక్స్ డేటా ఫెసిలిటీ నడిపే సీడీఏవెబ్. రెండోది అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో సేత్ రెడ్‌ఫీల్డ్ పెట్టిన మేఘాల వేగాల కాలిక్యులేటర్. రెండూ ఉచితం, ఖాతా తెరవనక్కర్లేదు. మొదటిది వాయువు మధ్యలో ఉన్న నౌక పంపిన కొలతలు ఇస్తుంది, రెండోది నక్షత్రాల కాంతిని ఆ వాయువు కొంత మింగడంతో స్పెక్ట్రమ్‌లో పడ్డ గీతలను అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. ఒక దాని పని రెండోది చెయ్యదు.

ముందు సీడీఏవెబ్. పేజీ పాతకాలపు ప్రభుత్వ ఫారంలా ఉంటుంది కానీ చాలా నమ్మకమైనది. మిషన్ల జాబితాలో వాయేజర్‌ను (సూర్యుడికి దూరంగా వెళ్తున్న నాసా జంట నౌకలను) ఎంచుకోవాలి. పరికరాల జాబితాలో అయస్కాంత క్షేత్రం, ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న కణాల వాయువు) అన్న రెండింటికీ టిక్కు పెట్టి ముందుకు వెళ్తే డేటాసెట్ల పట్టీ వస్తుంది. అందులో కొత్తవాళ్లకు సరిపోయేది కోహో 1 గంట మెర్జ్‌డ్ సెట్. వాయేజర్ 1కి ఒకటి, వాయేజర్ 2కి ఒకటి ఉంటాయి. గంట గంటకు సగటు చేసిన విలువలు, నౌక సూర్యుడి నుంచి ఎంత దూరంలో ఉందో, అయస్కాంత క్షేత్రపు మూడు భాగాలు, ప్రోటాన్ల సాంద్రత, వేగం, ఉష్ణోగ్రత అన్నీ ఒకే వరసలో దొరుకుతాయి. తేదీలు ఇచ్చి గ్రాఫ్ చూడొచ్చు, అంకెల పట్టిక తీసుకోవచ్చు, సీడీఎఫ్ (నాసా డేటా ఫైళ్ల రూపం) ఫైలుగా దింపుకోవచ్చు. పైథాన్ వాడేవాళ్లకు దాన్ని చదివే సీడీఎఫ్‌లిబ్ ఉంటే చాలు.

తొలి ప్రయత్నానికి రెండు తేదీలు చూడండి. వాయేజర్ 1 సౌరావరణపు (సౌర పవనం ఊదిన బుడగ) అంచును, అంటే హీలియోపాజ్‌ను, 2012 ఆగస్టు 25న దాటింది. అది ఆ ఏడాది 238వ రోజు, సూర్యుడి నుంచి సుమారు 121.6 ఖగోళ ప్రమాణాల దూరం (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం ఒక ఖగోళ ప్రమాణం). వాయేజర్ 2 దాటింది 2018 నవంబరు 5న, అంటే 309వ రోజు, దాదాపు 119 ఖగోళ ప్రమాణాల దగ్గర. ఆ తేదీలకు అటూ ఇటూ రెండేసి నెలలు తీసుకుని గ్రాఫ్ వెయ్యండి. రోజు సంఖ్య కూడా చెప్పడానికి కారణం ఉంది. వాయేజర్ పత్రాల్లోనూ చాలా ఫైళ్లలోనూ నెల, తేదీ బదులు అదే ఉంటుంది. 2012 లీపు సంవత్సరం కాబట్టి ఒక రోజు తేడా సులువుగా పడుతుంది.

ఇక్కడే మొదటి చిక్కు. వాయేజర్ 1 గ్రాఫులో సాంద్రత గడి ఖాళీగా వస్తుంది. సర్వర్ తప్పేమీ లేదు. వాయేజర్ 1లోని ప్లాస్మా పరికరం 1980లో, శని గ్రహాన్ని దాటాక, పని మానేసింది. ఆ తరవాత ఆ గడిలో ఉన్నదంతా ఖాళీ అని చెప్పే గుర్తు, అంటే మైనస్ 1 పక్కన 31 సున్నాలు. దాన్ని తీసెయ్యకుండా సగటు కడితే వింత అంకెలు వస్తాయి. ఫైలు తెరవగానే మొదట చెయ్యాల్సిన పని ఆ విలువలను వడకట్టడం. ఇదే డేటాను ఇచ్చే కోహోవెబ్ అన్న ఇంకో పేజీ నుంచి అంకెల పట్టిక తీసుకుంటే ఖాళీ గుర్తు తొమ్మిదుల వరసగా ఉంటుంది. రెండు చోట్ల నుంచి తెచ్చినవి కలిపేవాళ్లు రెండు గుర్తులూ వడకట్టాలి.

అయస్కాంత క్షేత్రం మాత్రం వాయేజర్ 1కి ఉంది. హీలియోపాజ్ దాటాక అది 0.4 నుంచి 0.5 నానోటెస్లా మధ్య నిలకడగా కనిపిస్తుంది. ఒకటి గమనించండి: విలువ పెరిగింది కానీ దిశ దాదాపు మారలేదు. బయటి క్షేత్రం దిశ వేరుగా ఉంటుందని అందరూ అనుకున్నారు. అందుకే వాయేజర్ 1 నిజంగా బయటపడిందా లేదా అన్న వాదన ఏడాదికి పైగా సాగింది. దాన్ని తేల్చింది సాంద్రత. ఆ సాంద్రత ప్లాస్మా పరికరం నుంచి రాలేదు, ప్లాస్మా తరంగాల పరికరం నుంచి వచ్చింది. ఈ సమీక్షలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాం, ఎందుకంటే చేతులారా చేసి చూడదగ్గ కొలత ఇదే.

సూత్రం చిన్నది. ఎలక్ట్రాన్లను కాస్త కదిపితే అవి ఒక నిర్ణీత ఫ్రీక్వెన్సీలో ఊగుతాయి, ఆ ఫ్రీక్వెన్సీ సాంద్రతను బట్టే ఉంటుంది. హెర్ట్జ్‌లలో ఫ్రీక్వెన్సీ = 8980 × √సాంద్రత, సాంద్రత ఘన సెంటీమీటరుకు. తిరగేస్తే, ఫ్రీక్వెన్సీని 8980తో భాగించి వర్గం చేస్తే సాంద్రత. 2013 ఏప్రిల్, మే నెలల్లో వాయేజర్ 1 పట్టుకున్న ఊగులాట 2.6 కిలోహెర్ట్జ్. లెక్క కడితే 0.084. పాత రికార్డులు తిరగేస్తే 2012 అక్టోబరు, నవంబరుల్లో 2.2 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంకోటి దొరికింది, అది 0.06. సౌరావరణం లోపలి అంచున సాంద్రత 0.002 మాత్రమే. నలభై రెట్ల తేడాకు వేరే అర్థం లేదు. అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ గర్నెట్ బృందం 2013 సెప్టెంబరులో ఆ సంగతి ప్రకటించింది. మొదట్లో చెప్పిన నాలుగింటిలో 0.08 ఇదే.

ఈ పరికరం డేటా రెండు రకాలు, ఏది దింపుకుంటున్నారో చూసుకోవాలి. మొదటిది 16 చానళ్ల స్పెక్ట్రమ్. 10 హెర్ట్జ్ నుంచి 56.2 కిలోహెర్ట్జ్ దాకా, ఫ్రీక్వెన్సీ పదింతలైన ప్రతిసారీ నాలుగు చానళ్లు. మనకు కావాల్సిన చోట ఒకటి 1.78 కిలోహెర్ట్జ్, దాని తరవాతది 3.11. సాంద్రతలోకి మారిస్తే ఒకటి 0.039, ఇంకోటి 0.120. మధ్యలో మూడు రెట్ల ఎడం! 2.6 కిలోహెర్ట్జ్ ఆ సందులో పడుతుంది. ఈ డేటాతో ‘ఏదో మోగింది’ అని చెప్పగలం కానీ కచ్చితమైన సాంద్రత చెప్పలేం. రెండోది వైడ్‌బ్యాండ్, అంటే తరంగ రూపమే. సెకనుకు 28,800 నమూనాలు, ఒక్కోటి 4 బిట్లు, 1600 నమూనాలకు ఒక గుత్తి. గుత్తిని ఫూరియే మార్పు చేస్తే, అంటే అందులో ఏయే ఫ్రీక్వెన్సీలున్నాయో విడదీస్తే, 18 హెర్ట్జ్ స్పష్టత వస్తుంది. 2.6 కిలోహెర్ట్జ్ దగ్గర అది సాంద్రతలో ఒకటిన్నర శాతం కన్నా తక్కువ తేడా. ఈ రెండో రకం అయోవా వాళ్ల దగ్గర, నాసా గ్రహ డేటా వ్యవస్థలోని ప్లాస్మా విభాగంలో దొరుకుతుంది.

వైడ్‌బ్యాండ్‌లో మూడు జాగ్రత్తలు. గుత్తికీ గుత్తికీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. రెండు గుత్తులను అతికించి ఒకే మార్పు చేస్తే లేని గీతలు పుట్టుకొస్తాయి, కాబట్టి విడివిడిగా చేసి ఆ తరవాత సగటు కట్టాలి. రెండు, గ్రాహకం తన గెయిన్‌ను తానే సర్దుకుంటుంది. ఫ్రీక్వెన్సీని నమ్మండి, తీవ్రతను ఒక రోజుతో ఇంకో రోజు పోల్చకండి. మూడోది అన్నిటికన్నా మోసకారి: నౌక విద్యుత్ సరఫరా 2.4 కిలోహెర్ట్జ్. ఆ గీత స్పెక్ట్రమ్‌లో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని ప్లాస్మా గీత అనుకుని సూత్రంలో వేస్తే 0.071 వస్తుంది. అసలైన విలువలాగే కనిపించే అంకె! తప్పుడు గీతను పట్టే పద్ధతి సులువే. ప్లాస్మా గీత నెలల తరబడి మెల్లగా కదులుతుంది, సరఫరా గీత ఉన్నచోటే ఉంటుంది.

ఏ రోజు వెతికినా ప్లాస్మా గీత దొరకదు. ఊగులాట రేపడానికి ఎలక్ట్రాన్ పుంజాలు కావాలి. అవి సూర్యుడి మీద పెద్ద విస్ఫోటనం జరిగి, దాని తాకిడి అంత దూరం చేరినప్పుడే పుడతాయి. 2013 ఏప్రిల్ మోత 2012 మార్చి నాటి విస్ఫోటనాలది, చేరడానికి 13 నెలలు పట్టింది. మధ్యలో నెలల కొద్దీ నిశ్శబ్దం. అయితే 2017 నుంచి వైడ్‌బ్యాండ్‌లో 3 కిలోహెర్ట్జ్ దాపున చాలా బలహీనమైన గీత ఎడతెగకుండా ఉందని కార్నెల్‌లో స్టెల్లా కోచ్ ఆకర్ 2021లో చూపించారు. సగటు ఎక్కువ సేపు కట్టినవాళ్లకే అది కనిపిస్తుంది. 2020 కల్లా వాయేజర్ 1 దగ్గర సాంద్రత 0.12 స్థాయికి చేరింది. మొదట చెప్పిన నాలుగింటిలో 0.12 ఇదే.

0.04 వాయేజర్ 2ది. అందులో ఇలాంటి వైడ్‌బ్యాండ్ రికార్డింగు లేదు, 16 చానళ్లే. 2019 జనవరి 30న 1.78 కిలోహెర్ట్జ్ చానల్ మోగింది, అందుకే విలువ సరిగ్గా 0.039. ఈ అంకె పక్కన చానల్ వెడల్పు తెచ్చిన అనిశ్చితి 15 శాతం కూడా రాయాలి. రాయకపోతే 0.039 అన్న మూడు దశాంశాలు ఉన్నదానికి మించిన కచ్చితత్వం చూపిస్తాయి.

వాయేజర్ 2కి ఉన్న మేలు వేరు, దాని ప్లాస్మా పరికరం పనిచేసింది. అంచు దాటినప్పటి మార్పు కోహో సెట్‌లో నేరుగా కనిపిస్తుంది. బయట ఉష్ణోగ్రత 30,000 నుంచి 50,000 కెల్విన్ అని తేలింది. కానీ మన చుట్టూ ఉన్న మేఘం ఉష్ణోగ్రత 7,000 దాపున అని పుస్తకాల్లో ఉంటుంది కదా? రెండూ నిజమే. అంచు బయట వాయువు సౌరావరణానికి తగిలి నలిగి, వేడెక్కి, పోగుపడిన పొర. పడవ ముందు నీళ్లు ఉబికినట్టు. నౌకలు ఇంకా ఆ పొరలోనే ఉన్నాయి. సీడీఏవెబ్ ఇచ్చే వాయేజర్ అంకెలను కదలని మేఘపు అంకెలుగా రాయకూడదు. ఇంకో హద్దు: విద్యుత్తు ఆదా కోసం వాయేజర్ 2 ప్లాస్మా పరికరాన్ని 2024 సెప్టెంబరు చివర్లో ఆపేశారు. ఆ తరవాతి తేదీలకు ఆ గడులు నిండవు.

నలగని మేఘం కావాలంటే నక్షత్రాల వెలుగు దగ్గరికి వెళ్లాలి. వెస్లియన్ కాలిక్యులేటర్ పనికొచ్చేది ఇక్కడ. దాని వెనకున్నది 2008లో రెడ్‌ఫీల్డ్, జెఫ్రీ లిన్స్కీ కట్టిన నమూనా: సూర్యుడి నుంచి 15 పార్సెక్కుల (ఒక పార్సెక్కు సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) లోపల 15 మేఘాలు, ఒక్కోటి ఒక ముద్దగా ఒకే వేగంతో కదులుతున్నట్టు. నక్షత్రం దిక్కు ఇస్తే, ఆ దిక్కున ఒక్కో మేఘం ఎంత వేగంతో మనవైపు వస్తున్నట్టో, పోతున్నట్టో చెబుతుంది. వెతకాల్సిన గీత స్పెక్ట్రమ్‌లో ఎక్కడ ఉండాలో ముందే తెలిసిపోతుంది.

దాన్ని గుడ్డిగా నమ్మనక్కర్లేదు, కాగితం మీద కూడా చెయ్యొచ్చు. గెలాక్సీ నిర్దేశాంకాలు తీసుకోండి. మేఘం వేగాన్ని దీనితో గుణించాలి: నక్షత్రపు అక్షాంశం కొసైన్ × మేఘం అక్షాంశం కొసైన్ × రెండు రేఖాంశాల తేడా కొసైన్, దానికి రెండు అక్షాంశాల సైన్‌ల లబ్ధం కలపాలి. సూర్యుడి చుట్టూ ఉన్నట్టు చెప్పే స్థానిక మేఘానికి వేగం సెకనుకు 23.84 కిలోమీటర్లు, రేఖాంశం 187.0, అక్షాంశం మైనస్ 13.5. పొరుగున ఉన్న జీ మేఘానికి 29.6, 184.5, మైనస్ 20.6. ఈ రేఖాంశ అక్షాంశాలు మేఘం వెళ్తున్న వైపువి. వచ్చే వైపు అనుకుంటే గుర్తు తలకిందులవుతుంది.

ఆల్ఫా సెంటారీతో చూద్దాం. రేఖాంశం 315.7, అక్షాంశం మైనస్ 0.7. స్థానిక మేఘానికి సెకనుకు మైనస్ 14.4 కిలోమీటర్లు వస్తుంది (మైనస్ అంటే మనవైపు వస్తున్నట్టు), జీ మేఘానికి మైనస్ 18.1. హబుల్ చూసిన గీత మైనస్ 18 దగ్గర ఉంది. మైనస్ 14.4 దగ్గర ఏమీ లేదు. అంటే 4.3 కాంతి సంవత్సరాల ఆ దారిలో స్థానిక మేఘం జాడే దొరకలేదు, ఆ వైపు దాని అంచు మన పక్కనే ఉంది. ఒక్క గుణకారంతో ఇంత తెలియడం ఈ నమూనా గొప్పతనం.

రెండింటి ఎడం 3.7 కిలోమీటర్లే కాబట్టి ఏ స్పెక్ట్రమ్ తీసుకున్నారన్నది ముఖ్యం. హబుల్‌లో కాంతిని రంగులుగా విడదీసే స్టిస్ పరికరంలో ఈ140ఎం గ్రేటింగు స్పష్టత 6.5 కిలోమీటర్లు, దానితో రెండు మేఘాలు ఒకే గుంటగా కలిసిపోతాయి. హెచ్ రకం గ్రేటింగులు 2.6 దాకా విడదీస్తాయి. హైడ్రోజన్ గీత కన్నా మెగ్నీషియం, ఇనుము గీతలే మేలు, బరువైన అణువుల గీతలు సన్నగా ఉంటాయి. స్థానిక మేఘానికి ఉష్ణోగ్రత 7,500, అల్లకల్లోలం సెకనుకు 1.62 కిలోమీటర్లు అనుకుంటే గీత వెడల్పు డ్యుటీరియానికి (బరువైన హైడ్రోజన్) 8.0, మెగ్నీషియానికి 2.8, ఇనుముకు 2.2 వస్తుంది. తేలికది ఒకటి, బరువుది ఒకటి కొలిస్తేనే వేడి వాటా, అల్లకల్లోలపు వాటా విడివిడిగా తెలుస్తాయి. ఒక్క గీతతో ఉష్ణోగ్రత చెప్పడం కుదరదు.

హైడ్రోజన్ గీతను పూర్తిగా వదిలెయ్యమనడం లేదు. ఆల్ఫా సెంటారీలో అది డ్యుటీరియంతో సరిపోక, ఉండాల్సిన దానికన్నా వెడల్పుగా, ఎరుపు వైపు జరిగి ఉందని లిన్స్కీ, బ్రయాన్ వుడ్ 1996లో గుర్తించారు. ఆ అదనపు హైడ్రోజన్ సౌరావరణం ముందు పోగుపడిన గోడ. వాయేజర్లు ఈదుతున్న నలిగిన పొర సంగతి పదహారేళ్ల ముందే ఒక నక్షత్రపు వెలుగులో దొరికింది!

కాలిక్యులేటర్ లోపం కూడా చెప్పాలి. మేఘాలన్నీ గట్టి ముద్దల్లా కదులుతాయన్నది దాని ఊహ. మన ఇంటి ముందే ఆ ఊహ కాస్త తడబడుతుంది. సౌరకుటుంబంలోకి నేరుగా దూరి వచ్చే హీలియం అణువుల వేగాన్ని యులిసిస్ నౌక కొలిస్తే సెకనుకు 26.3 కిలోమీటర్లు వచ్చింది. నమూనా అంటున్నది 23.84. అటు జీ మేఘం 29.6. మనం రెండు మేఘాలు కలిసే చోట ఉన్నామని 2022లో పావెల్ స్వాచినా బృందం వాదించింది. ఈ వాదన సమంజసంగానే తోస్తుంది, ఆల్ఫా సెంటారీ వైపు అంచు పక్కనే ఉందన్న సంగతితో కూడా సరిపోతుంది. కాబట్టి సూర్యుడి దగ్గరి వేగం కావాల్సినప్పుడు కాలిక్యులేటర్ విలువ వాడకండి, హీలియం విలువ వాడండి. హీలియం సాంద్రత 0.015, అది వృశ్చికం దాపు నుంచి వస్తోంది. సూర్యుడి ఆకర్షణకు వంగి వెనక శంకువులా పోగవుతుంది. ఏటా డిసెంబరు మొదటి వారం దరిదాపుల్లో భూమి ఆ శంకువు గుండా పోతుంది.

ఇక మిగిలిన 0.2. అది తటస్థ (విద్యుదావేశం లేని) హైడ్రోజన్‌ది, ఎలక్ట్రాన్లది కాదు. వాయేజర్ ఎలక్ట్రాన్ అంకెతో పోల్చేవాళ్లు చేసే తప్పు ఇక్కడే. దీన్ని దూరాలకు వాడేటప్పుడూ జాగ్రత్త కావాలి. బ్రహ్మహృదయ (కపెల్లా) నక్షత్రం 12.9 పార్సెక్కుల దూరం. ఆ దారిలో చదరపు సెంటీమీటరుకు సుమారు 1.75 × 10^18 హైడ్రోజన్ అణువులు ఉన్నాయి. దారి పొడుగునా పంచితే ఘన సెంటీమీటరుకు 0.044. 0.2 సాంద్రతతో చూస్తే మేఘం 2.8 పార్సెక్కులకే అయిపోతుంది, మిగతా పది పార్సెక్కుల్లో తటస్థ వాయువు దాదాపు లేనట్టే. సగటును సాంద్రత అని రాసినవాళ్లకు ఈ సంగతి దొరకదు.

హీలియం విలువల్లోనూ పాత అంకెలు తగులుతాయి. ఐబెక్స్ ఉపగ్రహం 2012లో వేగం 23.2 అని చెప్పింది, కొత్త విశ్లేషణలతో 2015కల్లా అది 25.4కి పెరిగింది, ఉష్ణోగ్రత 7,500 దాకా వెళ్లింది. ఐబెక్స్ చూసే కోణం నుంచి వేగం, దిశ, ఉష్ణోగ్రత ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. దిశ మూడు డిగ్రీలు జరిగితే వేగం రెండు కిలోమీటర్లు మారుతుంది, అయినా డేటాకు దాదాపు అంతే బాగా సరిపోతుంది. అందుకని ఐబెక్స్ వేగాన్ని ఒక పత్రం నుంచి, దిశను ఇంకో పత్రం నుంచి ఎత్తి కలపకండి. ఈ విలువలన్నీ ఒకే చోటి నుంచి తీసుకోండి. ఈ ముడి విప్పడానికే 2025 సెప్టెంబరు 24న బయల్దేరిన ఐమ్యాప్ నౌకలో తటస్థ అణువుల కెమెరాను తిరిగే పీఠం మీద పెట్టారు, కోణం మార్చి మార్చి చూడడానికి. అది వెళ్లింది భూమి నుంచి సూర్యుడి వైపున్న ఎల్1 బిందువు దగ్గరికి. శ్రీహరికోట నుంచి 2023లో వెళ్లిన ఆదిత్య ఎల్1 ఉన్నదీ అక్కడే. అయితే ఆదిత్య కణాల పరికరాలు కొలిచేది సౌర పవనాన్ని. దాని డేటాలో నక్షత్రాంతర హీలియం వేగం కోసం వెతకనక్కర్లేదు.